మూడో అంగడి

ఈ సభకు పెద్దగా కూర్చున్న మా ధర్మాసుపత్రి కమిటీ అధ్యక్షులు వీరేశం సేటు గారికి, వేదిక మీద ఉన్న కమిటీ సభ్యులకు, ఈ పూట దుకాణాలు పనివాళ్లకు ఒప్పజెప్పి వచ్చిన చేవెళ్ల వ్యాపారస్తులకు, వారపు అంగడిలో కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో నేరుగా ఇక్కడికే వచ్చిన మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్, మోకిల రైతన్నలకు, అక్కలకు, అవ్వలకు, నాతో పాటు ఇన్నేళ్లూ మందుల వాసన పీల్చిన తోటి పనివాళ్లకు మీ పద్మమ్మ నమస్కారం.

మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. నర్సుగా నాకు అలవాటైన మాటలు నాలుగే: పక్కకు తిరుగు, ఊపిరి పట్టు, ఏడవకు, అయిపోయింది. ముప్పై నాలుగేళ్లు ఈ నాలుగింటితోనే నెట్టుకొచ్చాను. నిన్న కార్యదర్శి గారు వచ్చి "రెండు మాటలు మాట్లాడండమ్మా" అంటే, ఉన్న నాలుగింట్లో ఏ రెండు వదిలేయాలో తెలియక పొద్దున్నుంచి తికమక పడుతున్నాను. (నవ్వులు)

శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ టైముకు రావాలని గడియారం చూసుకున్నాం సరే, రిటైరైన మనిషికి గడియారం ఎందుకిస్తారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అయినా మీ ప్రేమ, కళ్లకద్దుకుని తీసుకున్నాను. ఆ చివర గోడకు ఆనుకుని కూర్చున్నది జంగమ్మ, మా ఆయమ్మ, నాతో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. జంగమ్మా, కొంగు నోట్లె వెట్టుకోని గట్ల ఏడుస్తవేందే? నేను సస్తలేను, రిటైరైతున్న. జర సక్కగ కూసో. (నవ్వులు)

అరగంట నుంచి నా గురించి చెప్పిన మాటలన్నీ విన్నాను. కొన్ని నిజం, కొన్ని నా మీద ప్రేమతో కాస్త పెంచి చెప్పినవి. ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. సేటు గారు మాట్లాడుతూ, "ముప్పై నాలుగేళ్లల్ల పద్మమ్మ చేతిల ఒక్క తప్పు జరగలే" అన్నారు. మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను సేటు గారూ, అది నిజం కాదు. ఒక తప్పు జరిగింది. అది నాదే. దాన్ని దాచుకుని ఈ శాలువాతో ఇంటికి వెళ్తే రాత్రికి దీన్ని మడతపెట్టి బీరువాలో పెట్టడానికి కూడా నాకు మనసొప్పదు. ఇంకో సంగతి, మూడు వారాల కింద నేను సేటు గారిని ఒకటి అడిగాను. నేను వెళ్లాక మన సూది గది ఉంటుందా, మూస్తారా అని. ఆయన ఈ రోజు వరకు అవునని గాని కాదని గాని అనలేదు. ఆ గది ఉంటేనే బతుకు సాఫీగా నడిచే పదకొండు మంది ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. అందుకని నా మాటలు కాస్త ఎక్కువైనా ఓర్చుకోండి, భోజనాలు చల్లారకుండా ముగిస్తాను.

పాతవాళ్లకు డాక్టర్ నర్సింహాచారి గారు గుర్తుంటారు. ఆయన పోయి ఆరేళ్లయింది. నేను డెబ్బై మూడులో ఇక్కడ చేరిన కొత్తలో ఆయనను చూస్తే నాకు వణుకు. చెయ్యి తేలికే, నోరే బరువు. ఒకనాడు ఒక అవ్వను పరీక్షించి, నన్ను పిలిచి, స్టెతస్కోపు నా చెవులకు తగిలించి ఏం వినిపిస్తోంది అన్నారు. గుండె కొట్టుకుంటోంది సార్ అన్నాను. "గుండె కొట్టుకోకపోతే అవ్వ నడిచొచ్చేదా? చెవులున్నది కమ్మలు వెట్టుకోనీకేనా పద్మమ్మా?" అన్నారు. అవ్వ ముందు, కాంపౌండర్ ముందు నా ముఖం ఎర్రబడింది. కానీ ఆయన అక్కడితో వదల్లేదు. ఫ్యాను ఆపించారు, కిటికీ మూయించారు, అవ్వను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు, స్టెతస్కోపులో చిన్న గంటలా ఉండే వైపును రొమ్ము కింద మెల్లగా ఆనించి, "నొక్కకు, నొక్కితే పారిపోతది. కండ్లు మూసుకో" అన్నారు.

కళ్లు మూసుకున్నాను. మొదట నాకు లబ్ డబ్ అనే రెండు దెబ్బలే వినిపించాయి. ఆ తర్వాత ఆ రెండు దెబ్బల నడుమ ఖాళీ అనుకున్న చోట, ఎక్కడో పక్కింట్లో ఎవరో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు గురగురమని ఒక సన్నటి చప్పుడు దొరికింది. సార్, ఇసుర్రాయి అన్నాను. పెద్దగా నవ్వని మనిషి ఆ రోజు నవ్వారు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అవే పేర్లు. గుండెలో రక్తం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి తలుపులు ఉంటాయి. ఒకవైపే తెరుచుకుంటాయి, వెనక్కి రానివ్వవు. డాక్టర్లు వాల్వులంటారు, పిల్లల బడి పుస్తకాల్లో కవాటాలని రాస్తారు. ఆ తలుపు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి కారుతుంది, అప్పుడు ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు ఉఫ్‌మని వినిపిస్తుంది. తలుపు బిగుసుకుపోయి సరిగా తెరుచుకోకపోతే ఇసుర్రాయి. ఈ చప్పుళ్లనే ఇంగ్లీషులో మర్మర్ అంటారు. ఆ పేరు నేను చాలా తర్వాత నేర్చుకున్నాను.

ఆ తలుపులు ఎందుకు పాడవుతాయి అంటే, మనం లెక్కచేయని గొంతు నొప్పి వల్ల. పిల్లకు గొంతు నొప్పి వస్తుంది, ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే తగ్గుతుంది, రెండు మూడు వారాలకు జ్వరం వచ్చి కీళ్లు వాస్తాయి, ఇవాళ మోకాలు, రేపు మోచెయ్యి. అదీ తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కొందరు పిల్లల్లో అది కీళ్లను వదిలి పోతూ పోతూ గుండె తలుపును కరిచి పోతుంది. మళ్లీ గొంతు నొప్పి వస్తే మళ్లీ కరుస్తుంది. అలా రాకుండా ఉండాలంటే ఒకటే దారి, పెన్సిలిన్ సూది, ఇరవై ఒక్క రోజులకు ఒకటి, ఏళ్ల తరబడి. పిల్లకు ఒంట్లో బాగానే ఉంటుంది, ఆడుకుంటుంది, బడికి పోతుంది, అయినా తండ్రి పని మానుకుని తీసుకొచ్చి సూది వేయించుకుని పోవాలి. పైగా అది మామూలు సూది కాదు. చిక్కటి తెల్లటి మందు, సూదిలో ఇరుక్కుంటుంది, వేస్తే రెండు రోజులు తుంటి పట్టేస్తుంది. నేను సీసాను అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా నలిపి, మెల్లగా ఎక్కించేదాన్ని. మందు వెచ్చబడేలోపు పిల్లలు ఏడవడం మరిచిపోయి నా చేతులకేసి చూసేవాళ్లు.

బాగున్న పిల్లను దవాఖానకు తీసుకురమ్మంటే ఎవరు తెస్తారు? తారీఖు రాసి చీటీ ఇస్తే చీటీ చొక్కాతో పాటు ఉతుక్కు పోయేది. ఇరవై ఒక్క రోజులు లెక్క పెట్టుకోండి అంటే, పొలంలో మనిషికి సోమవారానికీ బుధవారానికీ తేడా తెలియదు, ఎలా లెక్క పెట్టుకుంటాడు? అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. చేవెళ్ల అంగడి మాత్రం ఎవరూ మరిచిపోరు. టమాట, కొత్తిమీర, బంతిపూలు, ఏది ఉన్నా ఆ రోజు ఇక్కడికి రావాల్సిందే. వారానికొక అంగడి, మూడు వారాలకు మూడు. "ఇయ్యాల సూదేసిన. మల్ల మూడో అంగడికి రా" అని చెప్పడం మొదలుపెట్టాను. అంతే, నూటికి నూరు మంది వచ్చేవాళ్లు. సరుకు దింపి, బిడ్డను నా దగ్గర కూర్చోబెట్టి, బేరం అయ్యాక వచ్చి తీసుకెళ్లేవాళ్లు. డాక్టర్ గారు మెచ్చుకున్నారు. ఒకసారి పట్నం నుంచి పెద్ద డాక్టర్లు చూడటానికి వస్తే, వాళ్ల ముందు నన్ను నిలబెట్టి చెప్పించారు. నేను కూడా ఇంటికి వెళ్లి మా ఆయన ముందు ఒక వారం గొప్పలు పోయాను. (నవ్వులు)

తొంభై నాలుగులో హిమాయత్‌నగర్ రైతు బాల్‌రాజ్ అన్న తన బిడ్డ స్వప్నికను ఎత్తుకుని వచ్చాడు. పదేళ్ల పిల్ల, మోకాళ్లు వాచి కింద కాలు పెట్టలేకపోతోంది. డాక్టర్ గారు విని, నన్ను వినమన్నారు. ఊదుగొట్టం, చాలా మెల్లగా. "చిన్న దెబ్బ. సూది తప్పకపోతే ఈ పిల్ల పెద్దగై అందరోలె బతుకుతది" అన్నారు. నాలుగేళ్లు బాల్‌రాజ్ అన్న ఒక్క అంగడి తప్పలేదు. ప్రతిసారీ నేను వినేదాన్ని. ఊదుగొట్టం తగ్గుతూ తగ్గుతూ, మనం చెవి రిక్కిస్తే గాని దొరకనంత సన్నబడింది.

కొంచెం నీళ్లు ఇవ్వమ్మా.

తొంభై ఎనిమిదిలో రోడ్డు వెడల్పు పని వచ్చింది. అంగడి మైదానం ముందంతా తవ్వి కంకర పోశారు. నాలుగు వారాలు అంగడి కూడలేదు. సేటు గారూ, మీకు గుర్తుంది కదా, మీ బట్టల దుకాణం ముందు కూడా గుంత తీశారు, మీరు చెక్క పలక మీద నడిచి లోపలికి పోయేవారు. సూది రోజు వచ్చింది, ఎవరూ రాలేదు. బస్సులు చుట్టు తిరిగి పోతున్నాయి, పాపం ఎలా వస్తారు, వచ్చే వారం వస్తారులే అనుకున్నాను. ఆ వచ్చే వారం కూడా రాలేదు. నాకు పని తగ్గింది. నిజం చెబుతున్నాను, సంతోషపడ్డాను. ఎన్నాళ్లుగానో చేయాలనుకున్న పని, జంగమ్మను వెంటబెట్టుకుని అల్మారాలన్నీ తుడిచి కొత్త కాగితాలు పరిచి సర్దుకున్నాను. గోడకు సున్నం కూడా వేయించాను.

మళ్లీ అంగడి కూడాక బాల్‌రాజ్ అన్న వచ్చాడు. భుజం మీద స్వప్నిక. పద్నాలుగేళ్ల పిల్లను తండ్రి ఎత్తుకుని వస్తున్నాడంటేనే నాకు అర్థమైంది. "ఇన్ని దినాలు ఏడికి పోయినవ్ అన్నా? సూది ఎందుకు తప్పించినవ్?" అని అరిచాను. ఆయన బిత్తరపోయి నన్ను చూశాడు. "తప్పియ్యలే గద సిస్టరమ్మా. నువ్వే మూడో అంగడికి రమ్మన్నవ్. రోడ్డు తవ్వకముందు రెండు కూడినయి. గిదే మూడోది" అన్నాడు.

ఆయన లెక్క తప్పలేదు. నేను ఏది నేర్పానో దాన్నే తు.చ. తప్పకుండా పాటించాడు. నేను రోజులు లెక్క పెట్టమని నేర్పలేదు, అంగళ్లు లెక్క పెట్టమని నేర్పాను. అంగడి ఆగుతుందని నా బుర్రకు తట్టలేదు. ఇరవై ఒక్క రోజులకు పడాల్సిన సూది నలభై తొమ్మిది రోజులైనా పడలేదు. అప్పుడు మనకు పన్నెండు మంది ఉండేవాళ్లు, పన్నెండు మందీ అదే లెక్కతో ఆగిపోయారు. పదకొండు మందికి ఏమీ కాలేదు. స్వప్నికకు ఆ మధ్యలో గొంతు నొప్పి వచ్చింది. బస్సులు దొరక్కపోయినా ఒక ఆటో కట్టుకుని నేను హిమాయత్‌నగర్ దాకా పోయి, సూది రోజు దాటిపోయిందిరా అని ఒక కేక వేసి వస్తే ఎంత దూరం? నేను అల్మారాలు సర్దుకున్నాను.

డాక్టర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టే మనిషి తిట్టకపోతే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. పిల్ల కుదుటపడ్డాక సాయంత్రం నన్ను పిలిచి, "దినాలు లెక్కవెట్టాలె పద్మమ్మా. అంగడి కూడినా కూడకున్నా గొంతు నొప్పి ఆగదు" అని మాత్రం అన్నారు. మర్నాడే నేను సేటు గారి దుకాణానికి వెళ్లాను. కొత్త సంవత్సరానికి ఆయన క్యాలెండర్ ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటికీ పోతుంది. అందులో ఇరవై ఒక్క రోజులకు ఒక ఎర్ర సున్నా అచ్చు వేయించండి అని అడిగాను. "అమాసలకు, ఏకాదశులకు గుర్తులుంటయి గని సూదులకు గూడ ఉంటయా పద్మమ్మా?" అని నవ్వారు. నవ్వినా వేయించారు. తొమ్మిదేళ్లుగా వేయిస్తున్నారు.

ఆ సున్నాల సంగతి తెలియనివాళ్లకు అవి వేరేలా అర్థమయ్యాయి. మోకిలలో ఒకాయన ఎర్ర సున్నా చూసి బిడ్డకు నిశ్చితార్థం పెట్టుకున్నాడు. అడిగితే, సేటు క్యాలెండర్ల మంచిరోజని ఉన్నది అన్నాడు. (నవ్వులు) ఆ పిల్ల కాపురం బాగానే ఉంది, నవ్వకండి. సున్నా ఏ తారీఖున పడాలో ప్రతి ఏడూ కార్తీకంలో నేనే లెక్క పెట్టి సేటు గారికి రాసిచ్చేదాన్ని. ప్రతి ఏడూ ఒక చోట మా ఇద్దరికీ గొడవ. "పండుగ నాడు సూదేంది పద్మమ్మా, జర ముందుకో ఎన్కకో జరుపు. చూసేటోళ్లకు బాగుండదు. ఆ దినం అంగడి గూడ కూడదు" అనేవారు. అంగడి కూడదు కాబట్టే సున్నా ఉండాలి సేటు గారూ అని నేను. తొమ్మిదేళ్లు పోట్లాడాం, తొమ్మిదేళ్లూ నేనే గెలిచాను. ఈ ఏడు ఆ తారీఖులు నేను రాసివ్వలేదు. గది ఉంటుందో లేదో తెలియకుండా ఏమని రాసివ్వను?

స్వప్నిక డిగ్రీ అయ్యాక మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలో చేరింది. మన వైపు నుంచి అద్దాల బిల్డింగులోకి పోయిన మొదటి ఆడపిల్లల్లో ఒకతి. మొయినాబాద్ చౌరస్తాకు ఆమె కోసం కారు వస్తుంటే బాల్‌రాజ్ అన్న మీసం తిప్పుకునేవాడు. సూదికి మాత్రం లీవు పెట్టాలి. పిల్ల లీవు లెటర్‌లో "థర్డ్ అంగడి" అని రాసిందట. వాళ్ల మేనేజరు బెంగళూరు మనిషి, మీ ఇంటి దేవతా అని అడిగాడట. (నవ్వులు) అవును సార్, మూడు వారాలకు ఒకసారి మొక్కు తీర్చకపోతే ఊరుకోదు అని ఈమె చెప్పిందట. అప్పటి నుంచి లీవుకు అడ్డు లేదు.

ఒకరోజు వాళ్ల ఆఫీసులో లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తు ఎక్కేలోపు స్వప్నిక ఆయాసంతో రెండుసార్లు మెట్ల మీద కూర్చుంది. అందరూ వాతం, బరువు, కంప్యూటర్ ముందు కూర్చోవడం అన్నారు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను ఫ్యాను ఆపాను, ఎడమ పక్కకు తిప్పాను, కళ్లు మూసుకున్నాను. ఇసుర్రాయి. డెబ్బై మూడులో ఆ అవ్వ గుండెలో విన్న చప్పుడే, ఇరవై ఏళ్ల పిల్ల గుండెలో. కళ్లు తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆరేళ్ల కింది నా తప్పు ఆ పిల్ల లోపల కూర్చుని తిరుగుతోంది. తెరిచేసరికి పిల్ల నన్నే చూస్తోంది. "ఇసుర్రాయేనా సిస్టరమ్మా?" అంది. చిన్నప్పటి నుంచి మా మాటలు వింటూ పెరిగిన పిల్ల కదా.

పట్నంలో పెద్ద దవాఖానలో తొడ నరంలోంచి బెలూన్ పంపి బిగుసుకున్న తలుపును వెడల్పు చేశారు. అయిదు రోజుల్లో ఇంటికి వచ్చింది, నెలకు ఆఫీసుకు పోయింది. ఆమెకు నేను నా తప్పు చెప్పి క్షమించమని అడిగాను. "నాకు తెల్వదా సిస్టరమ్మా, బాపు ఎప్పుడో చెప్పిండు. నువ్వు సూది వెయ్యి, ఆలస్యమైతుంది" అని పక్కకు తిరిగింది. బాల్‌రాజ్ అన్నా, నువ్వు నాతో ఏనాడూ అనలేదు. పదేళ్ల నుంచి ప్రతి చలికాలం నా ఇంటికి కొత్తిమీర పంపుతూనే ఉన్నావు. ఆ కొత్తిమీర తరుగుతూ ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలియదు.

ఇక సేటు గారి సంగతి. మూడు వారాల కింద, సూది రోజునే, ఆయన మా గదికి వచ్చారు. మంచి మాటతోనే వచ్చారు, తప్పు పట్టడం లేదు. "పదకొండు మందే ఉన్నరు పద్మమ్మా. పట్నం దగ్గరికొచ్చింది, దవాఖానలు బొచ్చెడు. ఆ గదిని లేఅవుట్లోళ్లు ఆఫీసుకు కిరాయికి అడుగుతున్నరు. నువ్వు గూడ పోతున్నవ్. ఇగ బంద్ చేద్దామనుకుంటున్నం" అన్నారు. మూస్తారా, ఉంచుతారా అన్నది మీ ఇష్టం సేటు గారూ, మూసేముందు ఒక్కసారి వినండి అన్నాను. ఏం వినాలె అన్నారు. లోపల స్వప్నిక పడుకుని ఉంది. ఆమెను అడిగితే, సేటు గారికేనా, వినిపించండి అని నవ్వింది.

పరాయి ఆడపిల్ల, ఈయన పెద్దమనిషి. కాబట్టి సేటు గారిని పరదా ఇవతల, పిల్ల వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టాను. చెవులకు స్టెతస్కోపు తగిలించి, గొట్టాన్ని పరదా సందులోంచి లోపలికి లాగాను. గొట్టమేమో మూరెడు, సేటు గారు వెనక్కి వంగి వంగి స్టూలు మీంచి పడబోయారు. జంగమ్మ భుజాలు పట్టుకుంది. (పెద్దగా నవ్వులు) నవ్వకండి, ఆయన ముఖం చూడండి పాపం. ఫ్యాను ఆపాం. "ఏం వినబడ్తలే పద్మమ్మా" అన్నారు. కళ్లు మూసుకోండి అన్నాను. "నా గుండెనే వినబడ్తున్నది" అన్నారు. ఊపిరి మెల్లగా తీయండి అన్నాను. ఒక నిమిషం దాటింది. పరదా ఇవతల నుంచి, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు, చిన్న గొంతుతో అన్నారు: "ఎవరో దూరంగ ఇసురుతున్నరు."

అవును సేటు గారూ, ఇప్పుడు దూరంగానే ఉంది. బెలూన్ వేశాక దూరం జరిగింది. సూది తప్పితే మళ్లీ దగ్గరికి వస్తుంది. నేను అడిగింది అంతే, నేను పోయాక ఈ గది ఉంటుందా అని. ఆయన చెవుల్లోంచి తీసి, రుమాలుతో తుడిచి నా చేతికి ఇచ్చి, "నేనొస్త" అని వెళ్లిపోయారు. ఇరవై ఒక్క రోజులైంది. ఈ రోజు మళ్లీ సూది రోజు.

నన్ను క్షమించాలి, సన్మానం చేసిన పెద్దల్ని సభలో నిలదీయడం పద్ధతి కాదని నాకు తెలుసు. కానీ నాకు ఇదే ఆఖరి అవకాశం. రెండో వరసలో కూర్చున్న సాయిశ్రీ నర్సింగ్ పాసై వచ్చింది, చెవి మంచిది, నాకంటే తొందరగా ఇసుర్రాయిని పట్టింది. ఆమె సిద్ధంగా ఉంది, ఈ పదకొండు మంది సిద్ధంగా ఉన్నారు. గది ఒక్కటి కావాలి. సేటు గారూ, ఉంటుందా?

(అధ్యక్షులు లేచి, చుట్టచుట్టిన కాగితం ఒకటి అందించారు)

ఏంది సేటు గారూ ఇది? క్యాలెండరా? రెండు వేల ఎనిమిది. రంగు ఇంకా ఆరినట్టు లేదు... ఉండండి, నా కళ్లద్దాలు.

జనవరి పది. సున్నా ఉంది. జనవరి ముప్పై ఒకటి, ఉంది. ఇది నేను రాసివ్వలేదు! ఎవరు లెక్క పెట్టారు? (అధ్యక్షులు ఏదో అన్నారు) తనే వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నారట. ఫిబ్రవరి ఇరవై ఒకటి. వచ్చే ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు, ఇక్కడ తప్పి ఉంటారు... లేదు, మార్చి పదమూడు. సరిగ్గా పెట్టారు. ఏప్రిల్ మూడు, ఇరవై నాలుగు. చదవనివ్వండి, భోజనాలు ఎక్కడికీ పోవు. (నవ్వులు) ఆగస్టు ఏడు, ఇరవై ఎనిమిది. సెప్టెంబరు పద్దెనిమిది. అక్టోబరు...

(క్యాలెండరును కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని)

అక్టోబరు తొమ్మిది. దసరా. పండుగ పేరు పక్కనే ఎర్ర సున్నా వేశారు. ముందుకు జరపలేదు, వెనక్కి జరపలేదు.

సేటు గారూ, జంగమ్మను ఏడవొద్దని చెప్పిన నోటితో ఇప్పుడు నేనేం చెప్పను? కమిటీ పెద్దలకు, నా మాటలు ఓపికగా విన్న మీ అందరికీ, తిట్టి నేర్పిన మా డాక్టర్ గారికి, నన్ను ఏనాడూ ఒక్క మాట అనని బాల్‌రాజ్ అన్నకు, స్వప్నికకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఈ పూట ఇంకా ముగ్గురికి సూది పడలేదు. అన్నం తినే ముందు వాళ్లు నా వెంట రండి. సాయిశ్రీ సూది వేస్తుంది, నేను మందు సీసాను చేతుల్లో వెచ్చజేస్తాను. వచ్చే దసరా నాడు చేవెళ్లలో అంగడి ఉండదు, సేటు గారి దుకాణం కూడా మూసి ఉంటుంది. సూది గది తెరిచి ఉంటుంది, మరిచిపోకండి.

ఇక నాకు సెలవు.